షిప్ బయలుదేరే రోజే ఫ్లైట్ ఎక్కొచ్చా? చలికాలం క్రూజ్ ప్రయాణంలో అసలు లెక్క ఇదీ

"ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో షిప్. పొద్దున ఆరింటికి షికాగో నుంచి ఫ్లైట్ ఉంది. సరిపోతుందా?"

డిసెంబరు దగ్గరపడుతుంటే అమెరికాలోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ప్రశ్న ఒక్కటైనా కనిపిస్తుంది. పిల్లలకు సెలవులు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, బయట గడ్డకట్టే చలి. నాలుగు రోజులు వెచ్చగా కరీబియన్ వైపు వెళ్లొద్దామన్న ఆలోచన సహజమే. గ్రూపులో సమాధానాలు కూడా వెంటనే వస్తాయి. "మేం అలాగే వెళ్లాం, ఏం కాలేదు" అని కొందరు, "ఆ తప్పు మాత్రం చేయకండి" అని ఇంకొందరు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అదే రోజు వెళ్లి హాయిగా షిప్ ఎక్కేవారే ఎక్కువ. ఎక్కలేకపోయిన కుటుంబానికి మాత్రం పోయేది ఒక పూట కాదు, మొత్తం సెలవు. ఫ్లైట్ టికెట్‌కు ఉన్న రక్షణ క్రూజ్ టికెట్‌కు లేకపోవడమే దీనికి కారణం.

నాలుగు గంటలంటే నిజంగా ఎన్ని గంటలు?

పై ఉదాహరణనే తీసుకుందాం. షికాగోలో ఆరింటికి బయలుదేరితే ఫోర్ట్ లాడర్‌డేల్ చేరేసరికి అక్కడి టైమ్ ప్రకారం పది దాటుతుంది. ప్రయాణం మూడు గంటల పైన, టైమ్ జోన్ మారడంతో ఇంకో గంట పోతుంది. విమానాశ్రయం నుంచి పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ నాలుగైదు కిలోమీటర్లే. చూడటానికి దాదాపు ఆరు గంటలు చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

అయితే షిప్ నాలుగింటికి బయలుదేరుతుందంటే నాలుగింటి వరకు ఎక్కనిస్తారని కాదు. ప్రయాణికుల జాబితాను ఓడ కదలడానికి కనీసం 60 నిమిషాల ముందే అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగానికి ఎలక్ట్రానిక్‌గా పంపాలి. ఇది చట్టపరమైన నిబంధన. అందుకే క్రూజ్ కంపెనీలు గంట, గంటన్నర, కొన్నిసార్లు అంతకంటే ముందే చెక్-ఇన్ మూసేస్తాయి. జాబితా వెళ్లిపోయాక గేటు దగ్గర ఉన్న ఉద్యోగిని ఎంత బతిమాలినా ప్రయోజనం ఉండదు. ఆమె చేతిలో ఏమీ లేదు.

అంటే మీ గడువు నాలుగు కాదు, రెండున్నర అనుకోండి. దిగాక బ్యాగుల కోసం ముప్పావు గంట, ఆరుగురికి సరిపోయే పెద్ద బండి దొరకడానికి కొంత, టెర్మినల్ దగ్గర ట్రాఫిక్ కొంత. చివరికి మిగిలేది మూడు గంటల చిల్లర.

ఫ్లైట్ గంట, గంటన్నర ఆలస్యమైతే ఆ వ్యవధి కాపాడుతుంది. చాలామంది వేసుకునే లెక్క కూడా ఇదే: "ఎంత లేటైనా రెండు గంటలేగా!" చలికాలంలో భయపడాల్సింది ఆలస్యానికి కాదు, రద్దుకు. ఫ్లైట్ రద్దయితే ఈ మూడు గంటలు దేనికీ చాలవు.

రద్దయితే తర్వాతి ఫ్లైట్ ఉంటుంది కదా?

ఉంటుంది. సీట్లే ఉండవు.

సెలవుల వారంలో ఫ్లోరిడా వైపు వెళ్లే విమానాలు దాదాపు నిండిపోయే వెళ్తాయి. ఒక ఫ్లైట్ రద్దైతే అందులోని నూట యాభై మందిని ఆ రోజు మిగిలిన విమానాల్లో ఖాళీగా ఉన్న రెండు, మూడు సీట్లలో సర్దాలి. ఒంటరిగా వెళ్లేవారికి ఎలాగో దొరుకుతుంది. ఆరుగురి కుటుంబానికి ఒకే విమానంలో ఆరు సీట్లు అదే రోజు దొరకడం కష్టం. ఎయిర్‌లైన్ యాప్ మీకు ఎల్లుండి ఫ్లైట్ చూపిస్తుంది. దాని దృష్టిలో మీ సమస్య పరిష్కారమైపోయింది, ఎందుకంటే మీకు షిప్ ఉందన్న సంగతి దానికి తెలియదు.

మంచు కురిసే రోజు విమానాశ్రయంలో జరిగేది కొంచెం తెలుసుకుంటే ఈ రద్దులు ఎందుకో అర్థమవుతాయి. రెక్కల మీద మంచు పేరుకుంటే విమానం సరిగా పైకి లేవదు. కాబట్టి టేకాఫ్‌కు ముందు ప్రత్యేక ద్రవం చల్లి మంచు తీసేస్తారు. దీన్నే డీ-ఐసింగ్ అంటారు. ఆ ద్రవం ప్రభావం కొంతసేపే ఉంటుంది. ఈలోపు టేకాఫ్ కాకపోతే మళ్లీ వెనక్కి వచ్చి చల్లించుకోవాలి. మరోవైపు రన్‌వేలను ఒక్కొక్కటిగా మూసి మంచు తొలగిస్తుంటారు. గంటకు ఎగరగలిగే విమానాల సంఖ్య పడిపోతుంది. పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి డ్యూటీ గంటలపై పరిమితి ఉంది. వరుసలో నిలబడి ఉండగానే ఆ గంటలు అయిపోతే విమానం సిద్ధంగా ఉన్నా నడిపేవారు ఉండరు.

మా ఊళ్లో ఎండ కాస్తోంది, మాకేంటి?

డల్లాస్, ఫీనిక్స్, అట్లాంటా వైపు ఉండేవారు ఈ మాట అంటుంటారు. మీరు ఎక్కాల్సిన విమానం నిన్న రాత్రి ఎక్కడ ఉందన్నదే ఇక్కడ ముఖ్యం. ఒక విమానం రోజుకు నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున డెన్వర్‌లో చిక్కుకుంటే మధ్యాహ్నం డల్లాస్‌లో దాని కోసం ఎదురుచూసేవారికి కూడా దెబ్బే.

2022 క్రిస్మస్ దీనికి పెద్ద ఉదాహరణ. దేశంలో చాలా భాగాన్ని మంచు తుపాను కుదిపేసింది. మిగతా కంపెనీలు కొద్ది రోజుల్లో కోలుకున్నాయి. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మాత్రం ఏ పైలట్ ఎక్కడ ఉన్నాడో, ఎవరిని ఏ విమానం ఎక్కించాలో సర్దుకోలేక చేతులెత్తేసింది. ఆ పది రోజుల్లో 16,900 సర్వీసులు రద్దయ్యాయి. 20 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఎక్కడివారక్కడ చిక్కుకున్నారు. తుపాను దాటిపోయి ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లోనూ రద్దులు కొనసాగాయి. ఏడాది తర్వాత, 2023 డిసెంబరులో, అమెరికా రవాణా శాఖ ఆ సంస్థపై 14 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. అప్పుడు షిప్ తప్పిపోయినవారికి ఆ జరిమానా షిప్‌ను తిరిగి తెచ్చివ్వదు కదా.

ఆ తర్వాత రెండు వారాలకే, 2023 జనవరి 11న, మంచుతో సంబంధం లేకుండానే ఇంకో ఉదయం వృథా అయింది. పైలట్లకు హెచ్చరికలు పంపే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ మొరాయించడంతో దేశమంతటా విమానాల బయలుదేరింపును కొన్ని గంటలపాటు ఆపేశారు.

వెచ్చటి పోర్టు కదా అని ధీమా పడటానికి కూడా లేదు. 2025 జనవరి 21న గల్ఫ్ తీరాన్ని అరుదైన మంచు కప్పేసింది. న్యూ ఓర్లీన్స్‌లో రికార్డు స్థాయిలో కురిసింది. హ్యూస్టన్‌లోని రెండు ప్రధాన విమానాశ్రయాల్లో రాకపోకలు నిలిచిపోయాయి. గాల్వెస్టన్ పోర్టుకు విమానంలో వచ్చేవారంతా దిగేది ఆ రెంటిలోనే. గాల్వెస్టన్, టాంపా పోర్టులకు చలికాలంలో పొగమంచు బెడద కూడా ఉంది. పొగమంచుకు షిప్పే ఆలస్యంగా రావచ్చు. అలాంటప్పుడు బయలుదేరే టైమ్ వెనక్కి జరిగి మీకు కలిసొస్తుందేమో కానీ, దాన్ని నమ్ముకుని టికెట్ కొనలేం.

షిప్ పది నిమిషాలు ఆగదా?

సిటీ బస్సుకు చేయి ఎత్తినట్టు ఆపడం కుదరదు. పెద్ద షిప్‌లో అయిదారు వేల మంది ప్రయాణికులు ఉంటారు. పోర్టు నుంచి బయటకు తీసుకెళ్లే స్థానిక పైలట్‌ను టైమ్ ప్రకారం పిలుస్తారు. మర్నాడు పొద్దున చేరాల్సిన పోర్టులో కూడా ఒక స్లాట్ ఉంటుంది. ఆరుగురి కోసం అయిదు వేల మంది షెడ్యూల్ మార్చరు.

ఒక్క మినహాయింపు ఉంది. చాలా క్రూజ్ కంపెనీలు విమాన టికెట్లు కూడా తామే అమ్ముతాయి. అలా కొన్నవారి ఫ్లైట్ దెబ్బతింటే వేరే ఫ్లైట్ వెతకడం, అవసరమైతే తర్వాతి పోర్టుకు చేర్చడం వంటి సాయం చేస్తాయి. షిప్ ఆగుతుందని మాత్రం అక్కడా గ్యారంటీ లేదు. ధర కొంచెం ఎక్కువైనా, అదే రోజు వెళ్లక తప్పనివారు ఈ దారిని ఒకసారి చూడొచ్చు. కొనేముందు సాయం ఎంతవరకో నిబంధనల్లో చదువుకోండి.

'తర్వాతి పోర్టులో ఎక్కుదాం' అనుకుంటున్నారా?

అన్నిటికంటే ఎక్కువ అపోహ ఉన్నది ఇక్కడే. మన వాళ్లకు ఎక్కువ చిక్కులు వచ్చేదీ ఇక్కడే.

షిప్ తర్వాత ఆగేది సాధారణంగా వేరే దేశంలో. బహామాస్ లేదా మెక్సికో అనుకుందాం. అక్కడికి మీరు విమానంలో వెళ్తే మీరు క్రూజ్ ప్రయాణికులు కాదు, ఆ దేశంలోకి అడుగుపెడుతున్న మామూలు విదేశీయులు. ఆ దేశం వీసా నిబంధనలన్నీ వర్తిస్తాయి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి మెక్సికో వీసా మినహాయింపు ఉంది, అయితే చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ చూపించాలి. హెచ్-1బీ మీద ఉండి, పాస్‌పోర్టులోని స్టాంపు గడువు ముగిసి, ఐ-797 కాగితంతో నెట్టుకొస్తున్నవారు చాలామందే ఉన్నారు. ఆ కాగితం అమెరికాలో ఉండటానికి పనికొస్తుంది, మెక్సికో గడప దాటడానికి కాదు. నిజానికి ఇలాంటివారు క్రూజ్ బుక్ చేసే ముందే తిరిగి రావడం గురించి కూడా కనుక్కోవాలి. స్టాంపు గడువు ముగిసినా 30 రోజుల లోపు తిరిగి రానిచ్చే వెసులుబాటు హెచ్-1బీ వారికి కెనడా, మెక్సికోల వరకే. కరీబియన్ దీవులకు అది వర్తించదు.

అమెరికాలో పుట్టిన పిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది. అమెరికా పోర్టులో ఎక్కి అదే పోర్టుకు తిరిగొచ్చే క్రూజ్‌కు అమెరికా పౌరులైన చిన్నపిల్లలు బర్త్ సర్టిఫికెట్‌తో వెళ్లొచ్చు. అందుకే కొందరు పాస్‌పోర్టు చేయించరు. షిప్ తప్పిపోయి, దాన్ని అందుకోవడానికి నసావుకు విమానం ఎక్కాలంటే బర్త్ సర్టిఫికెట్ చెల్లదు, పాస్‌పోర్టు కావాల్సిందే. ఇంట్లో అందరి దగ్గర కాగితాలున్నా నాలుగేళ్ల పాప దగ్గర లేక అందరూ ఆగిపోయే పరిస్థితి ఇది.

సరే, తర్వాతి స్టాప్ అమెరికాలోనే, కీ వెస్ట్‌లో ఉందనుకుందాం. మయామీ నుంచి కారులో వెళ్లిపోవచ్చు. అయినా ఎక్కనివ్వకపోవచ్చు. 1886 నాటి ఒక చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న నౌకలు అమెరికాలోని ఒక పోర్టులో ఎక్కించుకున్న ప్రయాణికులను అమెరికాలోని మరో పోర్టులో దించకూడదు, మధ్యలో 'దూరపు' విదేశీ పోర్టుకు వెళ్తే తప్ప. కీ వెస్ట్‌లో ఎక్కి మయామీలో దిగితే సరిగ్గా అదే జరుగుతుంది. బహామాస్, మెక్సికో, కరీబియన్‌లోని చాలా దీవులు ఈ చట్టం దృష్టిలో 'దగ్గరి' పోర్టులే. పెద్ద క్రూజ్ షిప్‌లు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతో తిరిగేవే. ఉల్లంఘిస్తే తలకింత అని పెనాల్టీ పడుతుంది కాబట్టి కంపెనీలు ఒప్పుకోవు.

ఏ పోర్టులో ఎక్కాలన్నా ముందుగా క్రూజ్ కంపెనీకి ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. చెప్పాపెట్టకుండా రేవు దగ్గర నిలబడితే కుదరదు.

డబ్బు ఎంతవరకు తిరిగి వస్తుంది?

ఫ్లైట్ డబ్బు వస్తుంది. 2024 అక్టోబరు చివరి నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం ఎయిర్‌లైన్ సర్వీసును రద్దు చేసినా, దేశీయ ప్రయాణం మూడు గంటలకు మించి, అంతర్జాతీయ ప్రయాణం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా, మీరు ప్రత్యామ్నాయం వద్దంటే టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వాలి. క్రెడిట్ కార్డుతో కొంటే ఏడు పని దినాల్లో, మిగతా పద్ధతుల్లో 20 రోజుల్లో. కారణం వాతావరణమైనా ఇది వర్తిస్తుంది.

అంతవరకే. యూరప్‌లో ఉన్నట్టు ఆలస్యానికి విడిగా నష్టపరిహారం ఇచ్చే చట్టం అమెరికాలో లేదు. హోటల్, భోజనం ఇస్తామని పెద్ద ఎయిర్‌లైన్స్ ఇచ్చిన హామీలు కూడా తమ తప్పిదం వల్ల జరిగిన వాటికే, మంచు తుపానుకు కాదు. షిప్ తప్పిపోయిందన్న నష్టం ఎయిర్‌లైన్ లెక్కలోకి రాదు. క్రూజ్ కంపెనీ దృష్టిలో మీరు 'రాని ప్రయాణికులు'. సాధారణంగా పన్నులు, పోర్టు ఫీజులు మాత్రం తిరిగిస్తారు, మిగతా ఛార్జీ పోయినట్టే.

ఈ మధ్యలో ఉన్న నష్టాన్ని పూడ్చగలిగేది ట్రావెల్ ఇన్సూరెన్స్ ఒక్కటే. ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, అమ్మానాన్నల కోసం కొనే విజిటర్ ఇన్సూరెన్స్ వేరు, ట్రిప్ ఇన్సూరెన్స్ వేరు. మొదటిది ప్రధానంగా ఆస్పత్రి ఖర్చుల కోసం. "ఇన్సూరెన్స్ ఉంది కదా" అని నిశ్చింతగా ఉండేవారు చాలామంది ఈ తేడా చూసుకోరు. రెండోది, తుపాను వస్తోందని ప్రకటించాక కొంటే ఆ తుపాను నష్టానికి పాలసీ వర్తించదు. ముందుగా తెలిసిన ప్రమాదం కింద దాన్ని పక్కన పెడతారు. పాలసీలో 'మిస్డ్ కనెక్షన్', 'ట్రిప్ ఇంటరప్షన్' అన్న భాగాలు వెతికి, కనీసం ఎన్ని గంటలు ఆలస్యమైతే చెల్లిస్తారో చూడండి. ఫ్లైట్ ఆలస్యానికి కారణం చెబుతూ ఎయిర్‌లైన్ ఇచ్చే మెయిల్ లేదా లెటర్ క్లెయిమ్‌కు అవసరమవుతుంది. ఆ హడావిడిలోనే అడిగి తీసుకోండి.

మరి ఏం చేయాలి?

ముందు రోజే వెళ్లండి. ఈ రచయిత అభిప్రాయం ఇంతే, ఇందులో మధ్యేమార్గం పెద్దగా లేదు. ఆరుగురికి రెండు హోటల్ గదులు ఖర్చే, కాదనలేం. అయితే ముందు రోజు పొద్దున ఫ్లైట్ రద్దైతే మీకు ఇంకో పగలు, ఇంకో రాత్రి మిగిలి ఉంటాయి. ఆరు సీట్లు మూడు విమానాల్లో విడివిడిగా దొరికినా అందరూ చేరుకునే వీలుంటుంది. బఫెలో, షికాగో, మిన్నియాపొలిస్, బోస్టన్ లాంటి చోట్ల నుంచి క్రిస్మస్ వారంలో వెళ్లేవారు రెండు రోజుల ముందు అనుకున్నా అతి జాగ్రత్త అనిపించుకోదు.

సియాటెల్, బే ఏరియా నుంచి రెడ్-ఐ ఎక్కేవారు "మేం ముందు రోజే బయలుదేరుతున్నాం" అనుకుంటారు. శనివారం రాత్రి ఎక్కి ఆదివారం పొద్దున దిగడం కాగితం మీదే ముందు రోజు. రద్దైతే జరిగేది అదే. పైగా పడమటి తీరం నుంచి ఫ్లోరిడాకు వచ్చేసరికి మూడు గంటలు టైమ్ జోన్‌లోనే కరిగిపోతాయి.

ఇండియా నుంచి తల్లిదండ్రులు నేరుగా వచ్చి క్రూజ్‌లో కలవాలనుకుంటే ఇంకా ఎడం ఉంచండి. హైదరాబాద్ నుంచి వచ్చేవారు ఎక్కడో ఒకచోట విమానం మారాలి. ఢిల్లీ మీదుగా అయితే డిసెంబరు, జనవరి పొగమంచు, ఆపై అమెరికాలో ఇమిగ్రేషన్ లైను, మళ్లీ ఇంకో దేశీయ ఫ్లైట్. వారికి కనీసం రెండు, మూడు రోజులు విశ్రాంతి ఇవ్వడం షిప్ కోసమే కాదు, వారి మోకాళ్ల కోసం కూడా.

ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్లే క్రూజ్‌లకు శంషాబాద్ నుంచి అదే రోజు ఫ్లైట్ ఎక్కేవారికీ లెక్క పెద్దగా మారదు. డీజీసీఏ నిబంధనల ప్రకారం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే ఫ్లైట్ లేదా రీఫండ్ అడగొచ్చు. పొగమంచు లాంటి కారణాలకు నష్టపరిహారం ఉండదు. 2025 డిసెంబరు మొదటి వారంలో పైలట్ల డ్యూటీ గంటల కొత్త నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సర్దలేక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు శంషాబాద్‌లో కనిపించిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

అదే రోజు టికెట్ కొనేశారా?

భయపడాల్సిన పని లేదు, వారం ముందు నుంచి వాతావరణం చూస్తూ ఉండండి. పెద్ద తుపాను వస్తోందంటే ఎయిర్‌లైన్స్ ఒకటి, రెండు రోజుల ముందే 'ట్రావెల్ వేవర్' ప్రకటిస్తాయి. ఆ ఊళ్ల నుంచి వెళ్లేవారు అదనపు డబ్బు కట్టకుండా ప్రయాణ తేదీ మార్చుకోవచ్చు. వెనక్కే కాదు, చాలాసార్లు ముందుకు కూడా జరుపుకోవచ్చు. వేవర్ రాగానే యాప్ తెరిచి ముందు రోజు ఫ్లైట్‌కు మారండి. ఇది తెలిసినవారు తక్కువ కాబట్టి మొదటి కొన్ని గంటల్లో సీట్లు దొరుకుతాయి.

టికెట్ ఎంచుకునేటప్పుడు పొద్దున మొదటి ఫ్లైట్, అదీ మధ్యలో మారాల్సిన పని లేనిది చూసుకోండి. ఆ విమానం చాలావరకు రాత్రే మీ ఊరికి వచ్చి ఉంటుంది. పాస్‌పోర్టులు, బీపీ, షుగర్ మాత్రలు, ఒక జత బట్టలు చేతి బ్యాగులోనే ఉండాలి. చెక్-ఇన్ బ్యాగు షిప్‌ను అందుకోలేకపోయినా మీరు ఎక్కగలగాలి.

రద్దు మెసేజ్ వస్తే కంగారులో రీఫండ్ బటన్ నొక్కేయకండి. ముందు వేరే సీట్లు వెతకండి. మయామీ షిప్‌కు ఫోర్ట్ లాడర్‌డేల్, వెస్ట్ పామ్ బీచ్‌లలో దిగినా పర్వాలేదు. ఓర్లాండో వరకే దొరికితే అక్కడి విమానాశ్రయం నుంచే మయామీకి బ్రైట్‌లైన్ రైలు ఉంది, మూడున్నర గంటల ప్రయాణం. పోర్ట్ కెనావరల్ షిప్ అయితే ఓర్లాండో నుంచి రోడ్డు మార్గం సుమారు 70 కిలోమీటర్లు. గాల్వెస్టన్‌కు హ్యూస్టన్ హాబీ విమానాశ్రయం దగ్గర, సుమారు 65 కిలోమీటర్లు. బుష్ విమానాశ్రయం నుంచి 110 దాటుతుంది. ఇంట్లో ఒకరు ఎయిర్‌లైన్ లైన్‌లో ఉంటే ఇంకొకరు క్రూజ్ కంపెనీకి ఫోన్ చేయండి. షిప్ కదలకముందే చెబితే మార్గాలుంటాయి.

వేరే ఎయిర్‌లైన్‌లోనో, కారులోనో వెళ్లాలని నిర్ణయించుకుంటే మొదటి ఎయిర్‌లైన్‌కు ఆ మాట చెప్పి, వెళ్లే టికెట్ మాత్రమే రద్దు చేసి తిరుగు టికెట్ అలాగే ఉంచమని అడగండి. చెప్పకుండా ఎక్కడం మానేస్తే అదే బుకింగ్‌లోని తిరుగు ప్రయాణం కూడా ఆటోమేటిక్‌గా రద్దవుతుంది. ఆ సంగతి వారం తర్వాత షిప్ దిగి, పెట్టెలతో విమానాశ్రయం చేరాక తెలుస్తుంది.